కాజీపేట, హన్మకొండ హాస్టళ్లలో మొదటి ఏడు: ఏం సర్దాలి, ఏం వదిలేయాలి?

బొగ్గుబావి_అమ్మ (మంచిర్యాల)
అందరికీ నమస్తే. మా పాపకు వరంగల్ ఎన్‌ఐటీలో సీటు వచ్చింది. వచ్చే వారమే రిపోర్టింగ్. ఇంటర్ దాకా మంచిర్యాలలోనే చదివింది, ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదలు. ఇప్పుడు మా హాల్లో కాలు పెట్టే సందు లేదు. మా అత్తమ్మ ఒక పక్క తొక్కు డబ్బాలు నింపుతున్నారు. మా ఆయన ఇండక్షన్ పొయ్యి కొనుక్కొచ్చారు. పాపేమో ఒక్క బ్యాగు చాలు, మిగతావన్నీ మీరే ఉంచుకోండి అంటుంది. పిల్లల్ని అక్కడి హాస్టళ్లలో ఉంచినవాళ్ళు, అక్కడ ఉండి చదివినవాళ్ళు కాస్త చెప్పండి. ఏది తప్పనిసరి, ఏది దండగ?

హన్మకొండ_చౌరస్తా
అక్కా, ముందుగా పాపకు శుభాకాంక్షలు. రెండోది, మా హన్మకొండ అడవిలో లేదు. బకెట్, మగ్గు, చీపురు, హ్యాంగర్లు, డోర్‌మ్యాట్, అద్దం, చెత్తబుట్ట, ఇవన్నీ మంచిర్యాల నుంచి రైల్లో మోసుకొస్తారు చూడండి, ప్రతి జులై, ఆగస్టులో కాజీపేట స్టేషన్ మెట్ల మీద ఆ దృశ్యం చూస్తూనే ఉంటాను. నాన్న నెత్తి మీద పరుపు, అమ్మ చేతిలో బకెట్, బకెట్‌లో మళ్ళీ మగ్గు, మగ్గులో సబ్బు పెట్టె. అవన్నీ హాస్టల్ గేటు నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో దొరుకుతాయి. గది చూశాక కొంటే కొలత కూడా కుదురుతుంది.

ఇక్కడ కొనలేనివి రెండే రకాలు. ఒకటి కాగితాలు. రెండు ఇంటి తిండి. మీ శ్రద్ధంతా వాటి మీద పెట్టండి. ఇంకో సంగతి, ఏడాదికి సరిపడా ఒక్కసారే సర్దకండి. ఎటూ దసరాకు ఇంటికి వస్తుంది కదా. అప్పటిదాకా ఏం కావాలో అదే సర్దండి. రగ్గులు, స్వెటర్లు, పెళ్ళిళ్ళకు వేసుకునే పట్టు లంగాలు, అన్నీ రెండో విడత.

కరీంనగర్_నాన్న
నేను ఒప్పుకోను. కొత్త ఊళ్ళో మొదటి రోజే షాపుల వెంట తిరగాలా? మా వాడికి నేను పోయినేడాది సర్దినవి చెప్తాను, రాసుకోండి మేడం: పరుపు, రెండు దిండ్లు, నాలుగు దుప్పట్లు, బకెట్లు రెండు, స్టూలు, టేబుల్ ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, టూల్ కిట్, టార్చి, కొవ్వొత్తులు, సూదీ దారం, బూట్ల పాలిష్, గోడ గడియారం, దేవుడి ఫోటోలు, అగరుబత్తీలు, డిక్షనరీ, చిన్న నిచ్చెన...

గోదావరిఖని_పోరడు
అన్నా, నిచ్చెన ఎందుకు?

కరీంనగర్_నాన్న
ఫ్యాను తుడవడానికి.

గోదావరిఖని_పోరడు
మీ వాడు ఫ్యాను తుడిచాడా అన్నా?

కరీంనగర్_నాన్న
అది వేరే విషయం.

మీసేవ_కుర్చీ (జగిత్యాల)
నవ్వులు తర్వాత. కాగితాల సంగతి నేను చెప్తాను, రోజూ నా పని అదే.

మేడం, ఎన్‌ఐటీ కేంద్ర సంస్థ. అక్కడ రిజర్వేషన్ కింద సీటు వచ్చి ఉంటే మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ సరిపోదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అది కూడా ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది. ఈడబ్ల్యూఎస్ కూడా అంతే. నిరుటిది పట్టుకుని పోయి, అక్కడి కౌంటర్ ముందు నుంచి నాకు ఫోన్ చేసేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. తహసీల్దార్ సంతకం కావాలంటే ఆ పూట అయ్యే పని కాదు. ఇవాళే తీసి తారీఖు చూడండి.

కేయూలోనో (కాకతీయ యూనివర్సిటీ), ఇక్కడి ప్రైవేటు కాలేజీల్లోనో ఎప్‌సెట్ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) ద్వారా చేరేవాళ్ళకు 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ఉండాలి. లోకలా, నాన్ లోకలా అన్నది వాటితోనే తేలుతుంది. మధ్యలో రెండేళ్ళు వేరే స్కూల్లో చదివిన పిల్లలు ఆ స్కూలు కాగితం మరిచిపోతారు.

ఇక అందరికీ కావాల్సినవి: టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ర్యాంకు కార్డు, సీటు అలాట్‌మెంట్ లెటర్, ఫీజు కట్టిన రసీదు, ఆధార్, ఆదాయం సర్టిఫికెట్, మెడికల్ ఫిట్‌నెస్ అడిగితే అది, పాస్‌పోర్టు ఫోటోలు. ఫోటోలు ఒక షీటు కాదు, రెండు షీట్లు తీయించండి. హాస్టల్‌కు, మెస్‌కు, లైబ్రరీకి, ఐడీ కార్డుకు, బస్ పాస్‌కు, బ్యాంకుకు, అడుగుతూనే ఉంటారు.

టీసీ ఒరిజినల్ కాలేజీ వాళ్ళు తీసుకుని తమ దగ్గరే పెట్టుకుంటారు. ఇచ్చే ముందు రెండు పక్కలా జిరాక్స్ తీసుకోండి. మెమోలన్నీ ఫోన్‌లో స్కాన్ చేసి పాప మెయిల్‌లోనూ మీ మెయిల్‌లోనూ పెట్టండి. కాగితాల ఫైలు పెద్ద సూట్‌కేసులో అడుగున పెట్టకండి. రైల్లో అది సీటు కింద ఉంటుంది, మీరు పైన నిద్రపోతారు. ఫైలు మీ ఒళ్ళో ఉండాలి.

బొగ్గుబావి_అమ్మ
అన్నా, మీరు చెప్పబట్టి ఇప్పుడే తీసి చూశాం. మే నెలలో తీసుకున్నదే, బతికిపోయాం. లామినేషన్ చేయించమంటారా అన్నీ?

మీసేవ_కుర్చీ
వద్దు మేడం! లామినేషన్ చేస్తే వెనక స్టాంపు వేయడానికి కుదరదు, కొన్ని ఆఫీసుల్లో అలాంటివి తీసుకోరు. ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు తీసుకోండి చాలు.

తీగలవైరు
ఆ ఇండక్షన్ పొయ్యి గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఎలక్ట్రీషియన్‌ని, హాస్టళ్ళలో పని చేస్తుంటాను.

గదిలో స్టడీ టేబుల్ పక్కన ఉండే చిన్న ప్లగ్ 6 ఆంపియర్లది. 1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లదైతే ఎనిమిదిన్నర దాటుతుంది. నీళ్ళు కాచే రాడ్ కూడా అదే కథ. ఒక గదిలో ఒకరు కెటిల్ పెట్టి, పక్కగదిలో ఇంకొకరు రాడ్ పెడితే ఆ వరస మొత్తం చీకటి. పరీక్షల ముందు రాత్రి ఇది జరిగితే పక్కగది పిల్లలు ఏమంటారో ఇక్కడ రాయలేను. వైరు వేడెక్కి సాకెట్ కరిగిపోయిన గదులు నా చేత్తో బాగు చేశాను. సాకెట్ మూత విప్పితే లోపల ఇత్తడి ముక్క నల్లగా మాడి, వైరు మీది తొడుగు బంకలా సాగుతుంది. ఆ వాసన రెండు రోజులైనా పోదు.

అందుకే ఏ హాస్టల్ రూల్స్ చూసినా వీటికి పర్మిషన్ ఉండదు. పట్టుకుంటే తీసేసుకుంటారు, ఫైన్ కూడా వేస్తారు.

పట్టుకుపోవాల్సింది మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి, ప్రతి సాకెట్‌కూ విడి స్విచ్ ఉండాలి, తీగ మూడు నాలుగు మీటర్లయినా ఉండాలి, ఎందుకంటే ప్లగ్ ఎప్పుడూ మంచానికి అవతలి గోడకే ఉంటుంది. ల్యాప్‌టాప్ చార్జర్, ఫోన్ చార్జర్, ఎల్‌ఈడీ టేబుల్ లైటు మూడూ కలిపినా ఒక ఆంపియర్ దాటదు. వాటికి భయం లేదు.

ఆర్‌ఈసీ_పాతకాపు
మా కాలంలో ఈ ఎన్‌ఐటీని ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ) అనేవాళ్ళం. 2002లో ఎన్‌ఐటీ అయింది, మాకు మాత్రం ఇప్పటికీ ఆర్‌ఈసీయే. అప్పుడు అందరం రేకు పెట్టెలే తెచ్చుకునేవాళ్ళం. నవ్వకండి, దానికంటే మంచి వస్తువు ఇప్పటికీ లేదంటాను. మంచం కిందికి తోస్తే బీరువా, మీద దుప్పటి పరిస్తే కుర్చీ. ఎలుక కొరకదు, వాన తడపదు, తాళం వేస్తే మీ బిస్కెట్లు మీకే ఉంటాయి.

గోదావరిఖని_పోరడు
సార్, ఆ పెట్టె మూడో అంతస్తుకు ఎక్కించే వాడికి తెలుస్తుంది దాని మంచితనం.

ఆర్‌ఈసీ_పాతకాపు
అప్పుడు మాకు సీనియర్లు మోసేవాళ్ళు బాబూ. ఆ తర్వాత ఏడాదంతా వాళ్ళ అసైన్‌మెంట్లు మేం రాసేవాళ్ళం.

కేయూ_కోయిల
నేను కేయూ క్యాంపస్ హాస్టల్‌లో ఉంటున్నాను, ఇప్పుడు రెండో ఏడు. ఆడపిల్లలకు సంబంధించినవి నేను చెప్తాను, ఆంటీ.

మొదటిది ఆధార్ కార్డు. ఫోన్‌లో ఫోటో ఉందిలే అనుకోవద్దు, కార్డు పర్సులో ఉండాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మనకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా. తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. డీలక్స్, సూపర్ లగ్జరీలో మాత్రం డబ్బులు కట్టాలి. కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తాకు, భద్రకాళి గుడికి, బట్టలు కొనడానికి, వారాంతాల్లో తిరగడమంతా జీరో టికెటే.

రెండోది శానిటరీ ప్యాడ్లు. కనీసం రెండు నెలలకు సరిపడా తెచ్చుకోవాలి. అర్ధరాత్రి కావాల్సి వస్తే షాపులు ఉండవు, కొత్తలో పక్కగది అమ్మాయిని అడగడానికి మొహమాటం. పాతబడ్డ న్యూస్‌పేపర్లు కూడా కొన్ని పెట్టుకోండి, పారేసేటప్పుడు చుట్టడానికి.

మూడోది, బాత్‌రూమ్ మన గదిలో ఉండదు, వరండా చివర ఉంటుంది. నైటీ ఒకటి, పైన కప్పుకోవడానికి స్టోల్ ఒకటి, నీళ్ళకు జారని రబ్బరు చెప్పులు ఒక జత. సబ్బు, షాంపూ, బ్రష్, అన్నీ ఒకేసారి పట్టుకుపోవడానికి చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ బుట్ట. ఈ బుట్ట ఎవరూ తెచ్చుకోరు, వారం తిరిగేసరికి అందరూ కొంటారు.

బట్టలు తక్కువ తెచ్చుకోమనండి. ఆగస్టులో వానలు, జీన్స్ మూడు రోజులైనా ఆరదు, ఆరినా ముక్క వాసన వస్తుంది. పలుచటి కాటన్ ప్యాంట్లు, కుర్తీలు మేలు. నైలాన్ తాడు, బట్టల క్లిప్పులు తప్పనిసరి, మా గదిలో కిటికీ ఊచ నుంచి తలుపు గడియ దాకా తాడు ఎప్పుడూ కట్టే ఉంటుంది. దాని కింద నుంచి వంగి నడవడం అలవాటైపోయింది.

కొత్తవాడ_మగ్గం (వరంగల్)
పరుపు సంగతికి వద్దాం. మెత్తటి ఫోమ్ పరుపు కొనకండి, మొదటి ఏడాదికే గుంట పడుతుంది. వానాకాలం తేమ పట్టిందంటే ఆరబెట్టడానికి మడత కూడా పడదు.

నేను చెప్పేది ఇది. మంచం చెక్క మీద ముందు ఒక షత్రంజీ (నూలు జంపఖానా) పరవండి. మా కొత్తవాడలో నేసేవి. 2018లో వీటికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. నూలుతో నేసింది కాబట్టి చెమట పీలుస్తుంది, బకెట్‌లో నానబెట్టి ఉతుక్కోవచ్చు. దాని మీద మూడంగుళాల దూది పరుపు. ఎండాకాలం పరుపు చుట్టి పక్కన పెట్టి నేల మీద ఉత్త షత్రంజీ వేసుకుని పడుకుంటారు పిల్లలు. మార్చి దాటితే వరంగల్ రాళ్ళ వేడికి పరుపు మీద వీపు ఆనదు. నలుగురు ఫ్రెండ్స్ వస్తే కింద పరిచి కూర్చోబెట్టడానికీ అదే.

కొనేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూడండి. నేత దగ్గరగా ఉంటే వెలుతురు రాదు. అంచు పోగులు ముడి వేసి ఉన్నాయో, ఊరికే కత్తిరించి వదిలేశారో చూడండి. రెండు పక్కలా ఒకే డిజైన్ కనిపించాలి. ఒక పక్కే రంగులుంటే అది ప్రింటు, నేత కాదు.

కరీంనగర్_నాన్న
మీరు అమ్మేది కాబట్టి చెప్తున్నారు. మా వాడు ఫోమ్ మీద హాయిగా ఉన్నాడు.

కొత్తవాడ_మగ్గం
నేను అమ్మను సార్, నేస్తాను. అమ్మే వాళ్ళు వేరే.

కరీంనగర్_నాన్న
సరే, క్షమించాలి. ఆ మంచం కొలత ఎంతో చెప్పండి అయితే.

హన్మకొండ_చౌరస్తా
అన్నిచోట్లా ఒకటి కాదు సార్. ఎక్కువగా 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. కొన్నిచోట్ల వెడల్పు రెండున్నరే. అందుకే ముందే కొనొద్దనేది. గది ఇచ్చాక జానతో కాదు, టేపుతో కొలిచి దుకాణానికి రండి. మొదటి రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన బొంత ఒకటి చాలు. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే అదే తీసుకురండి, తేలిక, మెత్తన, పోయినా బాధ లేదు. కాదు, అది పోతేనే ఎక్కువ బాధ.

బొగ్గుబావి_అమ్మ
మా అత్తమ్మ ఈ చర్చ చదివించుకుని వింటున్నారు. బొంత మాట రాగానే లేచి వెళ్ళి బీరువా తీశారు. తొక్కు సంగతి ఏమిటి అని అడగమంటున్నారు.

సింగరేణి_క్యారేజీ
పెద్దమ్మకు దండాలు. మెస్ కూర ఎంత బాగున్నా నెల తిరిగేసరికి రుచి తెలియకుండా పోతుంది. కాబట్టి తొక్కు ఉండాల్సిందే. కానీ ఎలా పంపాలన్నదే అసలు విషయం.

రైలు ప్రయాణానికి జాడీ వద్దు, గాజు సీసా అసలే వద్దు. వెడల్పు మూతి, మర మూత ఉన్న గట్టి డబ్బా తీసుకోండి. అంచు దాకా నింపకండి, ఒక వేలెడు ఖాళీ వదలండి, లేకపోతే కుదుపుకి నూనె మూత దగ్గరికి వచ్చేస్తుంది. మూత బిగించే ముందు డబ్బా మూతి మీద పలుచటి పాలిథిన్ కవరు పరిచి దాని మీద మూత తిప్పండి. పైన టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి నిలబెట్టి పట్టుకుపోవాలి. పడుకోబెట్టారో, పుస్తకాలు ఎర్రగా అవుతాయి. ఐదు రకాలు కాదు, రెండు చాలు. మామిడికాయ ఒకటి, ఆమె ఇష్టపడేది ఇంకొకటి. అయిపోతే మళ్ళీ పంపొచ్చు. ఆర్టీసీ కార్గోలో మంచిర్యాల బస్టాండ్‌లో ఇస్తే హన్మకొండ బస్టాండ్‌లో పాప తీసుకుంటుంది.

తొక్కుకన్నా పొడులు మేలని నా లెక్క. పల్లీ పొడి, కరివేపాకు పొడి, కారం పొడి. నూనె గోల లేదు, ఇడ్లీలోకీ అన్నంలోకీ పనికొస్తాయి. అయితే తడి చెంచా పెట్టొద్దని పదిసార్లు చెప్పండి. పిల్లలు మెస్‌లో కడిగిన చెంచా అలాగే ముంచుతారు, నాలుగో రోజుకు బూజు.

తినడానికి అటుకుల చుడువ, పల్లీ పట్టీ, కారప్పూస. సకినాలు సంక్రాంతికి చూసుకోవచ్చు, ఇప్పుడు పంపితే కాజీపేట చేరేసరికి రవ్వ. ఏది పంపినా ముగ్గురికి సరిపడా పంపండి. మీ పాప ఒక్కతే తింటుందని అనుకోకండి, మూత తీసిన చప్పుడుకే పక్కగదుల వాళ్ళు వచ్చేస్తారు. స్నేహాలు అక్కడే మొదలవుతాయి కూడా.

కేయూ_కోయిల
చుడువ డబ్బా మూత మీద పేరు రాసి పెట్టినా లాభం లేదు ఆంటీ. పేరున్న డబ్బానే ముందు ఖాళీ అవుతుంది.

స్టీలు కంచం, గ్లాసు, చెంచా మాత్రం పేరు కొట్టించి పంపండి. స్టీలు సామాన్ల షాపులో మిషన్‌తో చుక్కల అక్షరాలు కొట్టిస్తారు కదా, పాప పేరు, ఊరి పేరు. మార్కర్‌తో రాస్తే రెండు తోములకే పోతుంది.

తెల్లకోటు_మొదటేడు (కేఎంసీ)
నేను కేఎంసీలో, అంటే కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుతున్నాను. మెడికల్ వాళ్ళ కోసం నాలుగు మాటలు. స్టెతస్కోప్ కొని మెడలో వేసుకుని ఫోటో దిగి రావాల్సిన పని లేదు. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. కావాల్సింది ఫుల్ హ్యాండ్స్ ఆప్రాన్లు రెండు (ఒకటి డిసెక్షన్ హాలుకు, ఒకటి మిగతా ల్యాబులకు, రెండూ కలపకండి, ఆ వాసన మీకే అర్థమవుతుంది), డిసెక్షన్ కిట్, గ్లవ్స్. ఎముకల సెట్టు కొత్తది కొనకండి, సీనియర్ల దగ్గర చేతులు మారుతూ వస్తుంది. పుస్తకాలు కూడా అంతే, ఏ ఎడిషన్ అన్నది అడిగి కొనండి.

ఎముకల పెట్టె ఇంటికి పట్టుకెళ్ళేటప్పుడు మాత్రం ముందు ఇంట్లో చెప్పండి. మా ఫ్రెండ్ వాళ్ళ నానమ్మ అది స్వీట్ల డబ్బా అనుకుని తెరిచింది.

గోదావరిఖని_పోరడు
ఇంజినీరింగ్ వాళ్ళకు కూడా ఇదే సూత్రం. డ్రాఫ్టర్ (డ్రాయింగ్ గీసే పరికరం), వర్క్‌షాప్ డ్రెస్సు ముందే కొనకండి. ఏ రంగు, ఏ రకం అన్నది మొదటి వారంలో చెప్తారు. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కూడా ఏది అనుమతిస్తారో విని కొనాలి. ల్యాప్‌టాప్ తొందర లేదు, క్లాసులు మొదలయ్యాక కొనవచ్చు. కొన్నట్టయితే బరువు చూడండి, ప్రాసెసర్ కన్నా ముందు అదే తెలిసొస్తుంది.

ఉట్నూరు_దారి
నేను కేయూలో డిగ్రీ చేస్తున్నాను. పైన రాసినవన్నీ చదివాక ఒకటి అనిపించింది. ఇవన్నీ కొనలేని ఇళ్ళ నుంచి కూడా పిల్లలు వస్తారు. వాళ్ళు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మొదటి రోజుకు మీకు కావాల్సింది కాగితాల ఫైలు, మూడు జతల బట్టలు, తువ్వాలు, దుప్పటి, చెప్పులు, తాళంకప్ప. అంతే. చదువు అయిపోయి వెళ్ళే సీనియర్లు బకెట్లు, పరుపులు, కూలర్లు కూడా వదిలేసి పోతారు, సగం ధరకు అమ్ముతారు, ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. అడగడానికి సిగ్గు పడకండి. వాళ్ళూ అలాగే తీసుకున్నారు.

సామాను కంటే ముందు చూసుకోవాల్సింది బ్యాంకు ఖాతా. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు చేస్తారు కదా, ట్యూషన్ ఫీజుది, మెయింటెనెన్స్‌ది. ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉండాలి, ఖాతా మీ పేరు మీదే ఉండాలి. ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో చూడండి. ఒక అక్షరం తేడా ఉంటే అది సరిచేయించడానికే నెలలు తిరగాలి. ఊళ్ళో ఉండగానే చేయించుకుంటే మేలు, ఇక్కడికి వచ్చాక క్లాసులు ఎగ్గొట్టి తిరగాల్సి వస్తుంది. ఆదాయం, కులం సర్టిఫికెట్ల కాపీలు నాలుగైదు ఎక్కువే పెట్టుకోండి.

మీసేవ_కుర్చీ
తమ్ముడూ, నూటికి నూరు పాళ్ళు నిజం. పేరులో ఇంటిపేరు ముందా వెనకా అన్నదానికే నా దగ్గర క్యూ కడతారు.

మందులకొట్టు
మందుల పెట్టె చిన్నదిగా ఉండాలి, దుకాణం పెట్టకండి. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దెబ్బలకు దూది, బ్యాండ్ ఎయిడ్, యాంటిసెప్టిక్, థర్మామీటర్. రోజూ వాడే మందులుంటే రెండు నెలలవి, డాక్టర్ చీటీతో సహా. బ్లడ్ గ్రూపు, ఏవైనా మందులు పడకపోతే ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసి ఉంటుందో అన్నింట్లోనే కలపాలి, చిక్కగా ఉంటే బలం అనుకోకూడదు. యాంటిబయాటిక్స్ మాత్రం పెట్టకండి. పిల్లలు జలుబుకి కూడా మింగేస్తారు.

ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా డెంగీ కాలం. జ్వరంతో పాటు ఒళ్ళు నొప్పులున్నాయని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. పారాసెటమాల్ వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. దోమతెర మంచిదే, తప్పక పెట్టండి. కానీ డెంగీ దోమ పగలు కుడుతుంది, కాబట్టి క్లాసులకు నిండు చేతుల చొక్కాలు, కాళ్ళు కప్పే ప్యాంట్లు. గదిలో బకెట్ నీళ్ళు వారాల తరబడి నిలవ ఉంచొద్దు.

బొగ్గుబావి_అమ్మ
ఇన్ని చెప్పారు, చాలా సంతోషం. ఇంకొకటి అడగాలంటే భయంగా ఉంది. ర్యాగింగ్ ఉంటుందా?

ఆర్‌ఈసీ_పాతకాపు
అమ్మా, పైన నేను సరదాగా రాసిన మాట చూసి భయపడకండి. రోజులు మారాయి. 2009లో యూజీసీ రూల్స్ వచ్చాయి. ఇప్పుడు చేరేటప్పుడే పిల్లలూ, తల్లిదండ్రులూ ర్యాగింగ్ జోలికి పోబోమని ఆన్‌లైన్‌లో హామీ పత్రం ఇవ్వాలి. ఆ ప్రింటు కూడా ఫైలులో పెట్టండి. 1800-180-5522 అని 24 గంటల హెల్ప్‌లైన్ ఉంది. పాప ఫోన్‌లో సేవ్ చేయండి, మీ ఫోన్‌లో కూడా. సీనియర్లు పేరు, ఊరు అడిగితే చెప్పడం వేరు. ఒంటరిగా ఎక్కడికో రమ్మనడం, డబ్బులు అడగడం, ఏడిపించడం వేరు. రెండోది జరిగితే ఆ రాత్రే చెప్పాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

నిర్వాహకులు
ఈ విషయంలో కాలేజీల పేర్లతో ఆరోపణలున్న మూడు పోస్టులు తీసేశాం. నిజంగా ఇబ్బందిలో ఉంటే హెల్ప్‌లైన్‌కు చెప్పండి, ఇక్కడ రాస్తే పని జరగదు. చర్చ సామాను మీదే సాగనివ్వండి.

హన్మకొండ_చౌరస్తా
అక్కా, ఏ రైలుకు వస్తున్నారో చూసుకోండి. మంచిర్యాల నుంచి వచ్చేవాటిలో సికింద్రాబాద్ వైపు వెళ్ళేవి, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ లాంటివి, కాజీపేటలో ఆగుతాయి. అక్కడి నుంచి ఎన్‌ఐటీ ఆటోలో కాసేపే, మూడు కిలోమీటర్లు. విజయవాడ వైపు వెళ్ళేవైతే చాలావరకు వరంగల్ స్టేషన్‌లోనే ఆగుతాయి. అక్కడ దిగితే దాదాపు 12 కిలోమీటర్లు, సామానుతో ఆటో వాడు చెప్పిందే రేటు. టికెట్ మీద ఏ స్టేషన్ అని ఉందో ఇవాళే చూడండి. తాళంకప్పలు రెండు తెండి, ఒకటి బీరువాకు, ఒకటి తలుపుకు. తాళంచెవి రెండోది మీ దగ్గర కాదు, పాప ఫ్రెండ్ ఎవరి దగ్గరైనా ఉంచమనండి. మంచిర్యాలలో ఉన్న తాళంచెవి కాజీపేటలో తలుపు తెరవదు.

బొగ్గుబావి_అమ్మ
టికెట్ చూశాం, కాజీపేటకే ఉంది. చివరికి ఒక సూట్‌కేసు, ఒక బ్యాగు, బొంత, తొక్కు డబ్బాలు రెండు, చుడువ అని ఒప్పందం కుదిరింది. దసరాకు రావడానికి టికెట్ ఇప్పుడే చేయాలా? స్టూడెంట్ కన్సెషన్ అంటున్నారు, అది ఆన్‌లైన్‌లో వస్తుందా?

గోదావరిఖని_పోరడు
రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు ఆంటీ, దసరా టికెట్లు ఆ రోజే అయిపోతాయి. తారీఖు లెక్కేసి క్యాలెండర్‌లో రాసుకోండి. కన్సెషన్ ఆన్‌లైన్‌లో రాదు. కాలేజీ ఆఫీసులో ఫారం మీద సంతకం, స్టాంపు వేయించుకుని స్టేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. సొంతూరికి వెళ్ళేటప్పుడు సెకండ్ క్లాస్, స్లీపర్‌లో సగం తగ్గిస్తారు, ఎస్సీ, ఎస్టీలకు 75 శాతం. ఆ సంతకానికి కొత్తలో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. కాబట్టి ఈసారికి మామూలు టికెట్ చేయించేయండి, సంక్రాంతికి కన్సెషన్ చూసుకోవచ్చు.